పేరమ్మ పట్టుకున్న జెండా కర్ర

రెండు వేల పదిహేనులో, గల్ఫ్‌లో షార్జా ఏలుబడి కింద ఉన్న ఖోర్ ఫక్కాన్ అనే రేవు ఊరి పెద్దలకు ఒక మంచి ఆలోచన వచ్చింది. బానిసత్వం పోయిన సంగతిని ఊరంతా ఒక సాయంత్రం తలుచుకోవాలనీ, ఆఫ్రికా నుంచి పడవల్లో తెచ్చిన మనుషుల పాటలూ డోళ్లూ సముద్రపు ఒడ్డున మోగాలనీ, ఆ సంతతిలో పెద్దావిడైన మబ్రూకాను ముందు వరుసలో కూర్చోబెట్టి సన్మానించాలనీ అనుకున్నారు. ఇందులో కాదనడానికేముంది?

మబ్రూకా తల్లిని జాంజిబార్ వైపు నుంచి చిన్నప్పుడే ఎత్తుకొచ్చి అమ్మేశారు. పెద్దయ్యాక ఆవిడ యజమాని కళ్లుగప్పి, కొండలు దాటి షార్జా దాకా నడిచి, అక్కడ ఇంగ్లీషువాళ్ల కచేరీ ముందున్న జెండా కర్రను వాటేసుకుంది. ఆ కర్ర పట్టుకున్న బానిసను విడిపించడం ఆ రోజుల్లో ఆనవాయితీ. ఆ కథనే నాటికగా వేద్దామన్నారు.

మరి బానిస వేషం ఎవరు కట్టాలి? తమ పిల్ల నలుగురిలో బానిసగా నిలబడితే రేపు పెళ్లి సంబంధాలు వస్తాయా అని ఒక్కో ఇల్లూ మెల్లగా తప్పుకుంది. మబ్రూకా కొడుకు సాలెం కూడా తన కూతుర్ని పంపనని ముఖం మీదే చెప్పేశాడు. తాతమ్మ గొప్ప అందరికీ కావాలి, ఆవిడ వేషం మాత్రం ఎవరికీ అక్కర్లేదు. చివరికి అందరి చూపూ సాలెం ఇంట్లో పనిమనిషి పేరమ్మ మీద పడింది. నల్లగా ఉంది, రంగు పూసే పని కూడా లేదు పొమ్మన్నారు.

పేరమ్మది రాజోలు దగ్గర పల్లె. మబ్రూకాకు నీళ్లు పోయడం, జడ వెయ్యడం, మందులు మింగించడం అన్నీ ఆమే. వచ్చినప్పటి ఒప్పందం ఎప్పుడో తీరిపోయింది. అక్కడ కూతురు అమూల్య నిండు చూలాలు. తొలి కాన్పు, పైగా బీపీ, ప్రాణానికే ముప్పు రావచ్చని డాక్టరమ్మ చెప్పిందట. “అమ్మా, నువ్వు పక్కనుంటే చాలే” అని ఆ పిల్ల ఫోనులో ఏడుస్తోంది. పాస్‌పోర్టేమో సాలెం బీరువాలో ఉంది. అడిగితే రంజాన్ వెళ్లాక అన్నాడు. రంజాన్ వెళ్లింది. ఇప్పుడు నాటిక కానీ అంటున్నాడు. ఆ మనిషికి కోపం రాదు, నవ్వుతూనే పెడచెవిన పెడతాడు. అలాంటివాళ్లతోనే చచ్చే చావు.

నాటిక సాధనకు తీసుకెళ్తూ కారులో డ్రైవర్ జానీ బాషా ధైర్యం చెప్పాడు. అతనిది కాకినాడ.

“ఏం లేదు పేరక్కా, వాళ్లు యల్లా, కానియ్ అనగానే పరిగెత్తుకెళ్లి కర్ర పట్టుకో. దొర వేషం కట్టినోడు ‘ఇయ్యాల్టి నుంచి నిన్నెవరూ ఆపరు’ అంటాడు. జనం చప్పట్లు కొడతారు. ఖలాస్.”

“అప్పట్లో నిజంగానే ఒగ్గేసేవోరా బాషా?”

“ఒగ్గేసేవోరంట. అంతమంది ముందు అన్నాక మాట తప్పుతారేటి?”

అంతమంది ముందు అన్న మాట పేరమ్మ మనసులో నాటుకుపోయింది. ఊరి ముదీర్, అంటే ఆఫీసర్లందరికీ పెద్దాయన, ముందు వరుసలోనే కూర్చుంటాడని విన్నది.

ఆ సాయంత్రం డోళ్లు మోగాయి. చిరిగిన నల్లబట్ట చుట్టుకుని పేరమ్మ వట్టికాళ్లతో పరిగెత్తి కర్ర వాటేసుకుంది. దొర తన మాట తను అప్పజెప్పాడు. చప్పట్లు పడ్డాయి. అప్పుడామె దండం పెట్టి పక్కకు తప్పుకోవాలి. తప్పుకోలేదు.

“ముదీర్! జవాజ్!” అని అరిచింది. జవాజ్ అంటే పాస్‌పోర్టు. “నా జవాజ్ బాబా సాలెం దగ్గరుంది! నా కూతురు చచ్చిపోద్ది, నన్ను పంపెయ్యండి!” సగం అరబ్బీ, సగం తెలుగు, మిగతాదంతా ఏడుపు.

జనం లేచి నిలబడ్డారు. ఇదీ నాటికలోదే అనుకుని, ఎంత గొప్పగా చేస్తోందని ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు. ముదీర్ కళ్లు తుడుచుకున్నాడు. సాలెం ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. చుట్టూ చూసి, తనూ చప్పట్లు మొదలుపెట్టాడు.

మబ్రూకా తన చక్రాల కుర్చీని వేదిక మీదికి తొయ్యమంది. ఆవిడ పేరమ్మ కలగాపులగపు అరబ్బీని రోజూ వినే మనిషి, జెండా కర్ర పట్టుకున్న తల్లికి పుట్టిన మనిషి. ఈ అరుపు నాటకం కాదని ఆవిడకు తెలుసు. ముసలమ్మ దగ్గరికొస్తుంటే పేరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ‘మామా కబీరా చెబుతుంది, ఈ పెద్దమ్మగారు అందరికీ చెబుతుంది’ అనుకుంది.

మబ్రూకా వంగి పేరమ్మ చేతుల మీద తన చేతులు వేసింది. మైకుకు అందనంత మెల్లగా అంది.

“నువ్వెళ్లిపోతే నాకు నీళ్లెవరు పోస్తారు పేరీ?”

కర్ర మీద నుంచి ఒక్కో వేలూ విప్పసాగింది. ఇద్దరూ కౌగిలించుకుంటున్నారనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. పేరమ్మ ఏడ్చింది. ముసలమ్మా ఏడ్చింది. ఏడుస్తూనే చివరి వేలు కూడా విప్పేసింది.