దుబాసీ కంటే ముందొచ్చిన నవ్వు

గాలి అద్దాన్ని కొడుతోంది.

బయట చెట్లన్నీ ఊగిపోతున్నాయి. లోపల ఒక్క కాగితం కదలదు. కోర్టు గదికి నిలువెత్తు కిటికీలు, ఒక్కటీ తెరుచుకోదు. ఈ నేల దుమ్మూ, ఈ జనం కేకలూ లోపలికి రాకూడదని దొరలు వాటిని మేకులు కొట్టి బిగించారట. దొరలు వెళ్లిపోయారు. ఆ మేకుల మీద ఏటేటా రంగు వేయిస్తున్నది మాత్రం మనవాళ్లే.

బోనులో ఆమె నిలబడింది. అందరూ చాపలత్త అంటారు. తుంగ కోసి, ఎండబెట్టి, చీల్చి, చాపలు అల్లే మనిషి. వేళ్ల నిండా గాట్లు. వెనక బల్ల మీద కోడలు కూర్చుంది, ఒళ్లో చంటిపిల్ల.

తగాదా తుంగమడుగు గురించి.

దొరల కాలపు పటంలో ఆ మడుగు ఉన్నచోట ఒకటే ముక్క రాసుంది — పాడునేల, ఎవరిదీ కాదు. ఆ ముక్క పట్టుకుని ఇప్పుడొక కంపెనీ మడుగును మట్టితో పూడ్చేస్తానంటోంది. పూడిస్తే తుంగ లేదు. తుంగ లేకపోతే చాప లేదు. చాప లేకపోతే ఆ వీధి వీధంతా పొయ్యి వెలగదు.

పాడునేలట!

ఎవరికి పాడు? గుర్రం దిగకుండా చూసిన వాడికి పాడు. మోకాలి లోతు నీళ్లలో తెల్లవారుజామునే దిగి, కొడవలి పట్టిన వాళ్లను అడిగారా? వాళ్లమ్మలను అడిగారా? అడగలేదు. గీత గీశారు, పోయారు. గీత మాత్రం పోలేదు... ఊరి నెత్తిన కూర్చుంది.

కోర్టులో అంతా దొరల భాషే. కంపెనీ ప్లీడరు ఆ భాషలో అడుగుతాడు. పక్కన నిలబడ్డ దుబాసీ దాన్ని ఇంటి మాటల్లోకి దింపుతాడు. ఆమె చెబుతుంది. దుబాసీ మళ్లీ దాన్ని పైకి ఎక్కిస్తాడు. ఆమె గంపెడు చెబితే అతను చిటికెడు చెబుతాడు.

జడ్జి గారు ఎత్తైన కుర్చీలో, నల్లకోటులో, చెమటలో.

ఆమె మాట్లాడినంతసేపూ ఆయన పైకప్పు కేసి చూస్తాడు. దుబాసీ నోరు తెరవగానే కలం ఎత్తుతాడు.

పాపం, అనుకుంది ఆమె. ఏ దూరదేశం వాడో, మన మాట తెలియదు కాబోలు. అందుకే నెమ్మదిగా చెప్పింది. చేతులు తిప్పి చూపించింది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. తన మాట తనకే మొరటుగా వినబడి, బురదకాళ్లతో గడప దాటినట్టు సిగ్గుపడింది కూడా.

అదిగో, ఆ సిగ్గు. దాన్ని తలుచుకుంటేనే తర్వాత ఒళ్లు మండింది.

ప్లీడరు లేచాడు. దుబాసీ దింపాడు: "మడుగు మీదేనని కాగితం ఏదైనా ఉందా అని అడుగుతున్నారు."

ఆమె ఆలోచించలేదు. నోటికొచ్చింది అనేసింది.

"అడగండి బాబూ ఆయన్ని... అమ్మ దగ్గర కాగితం చూసే పాలు తాగాడా అని!"

జడ్జి గారు నవ్వాడు.

ఫక్కున నవ్వాడు. భుజాలు కదిలాయి. దుబాసీ ఇంకా నోరే తెరవలేదు.

జడ్జి గారు నవ్వు మింగేసి, గబగబా పైకప్పు కేసి చూశాడు. కానీ ఆమె చూసేసింది.

అంటే... తెలుసు.

అంతా తెలుసు! మొదటి మాట నుంచీ తెలుసు. ఆమె చేతులు తిప్పినప్పుడు తెలుసు. పురుడు పోసుకున్న మూడోవారమే నీళ్లలో దిగానని చెబుతూ ఏడ్చినప్పుడూ తెలుసు. ఆ ఏడుపును దుబాసీ "అవును" అని ఒక్క ముక్కలో తేల్చినప్పుడు, ఆ ముక్కే రాసుకున్నాడు మహానుభావుడు.

నంగనాచి తుంగబుర్ర అంటారే, ఇదే. పాపం, తుంగనెందుకు అనడం. తుంగ ఏనాడూ నటించలేదు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయ్యా," అంది, దుబాసీని దాటి సూటిగా. "తల్లి పుట్టింటి సంగతి మేనమామకు చెప్పడానికి మధ్యలో ఇతనెందుకు?"

దుబాసీ అటూ ఇటూ చూశాడు. ఏమీ తోచక దాన్ని కూడా దొరల భాషలోకి ఎక్కించబోయాడు. సగంలో ఆగిపోయాడు.

జడ్జి గారు దొరల భాషలోనే ఏదో అన్నాడు. దుబాసీ తల దించుకుని చెప్పాడు: "ఏం చెప్పినా నా ద్వారానే చెప్పాలమ్మా. లేకపోతే నీ సాక్ష్యం కొట్టేస్తారు."

కొట్టేస్తే మడుగు పోయినట్టే. మడుగు తరఫున మాట్లాడే నోరు ఇదొక్కటే.

వెనక నుంచి కోడలు సన్నగా అంది: "అత్తయ్యా... సరేనను. నీకు దణ్ణం పెడతా."

సరేనంటే పోయేదేముంది? ఇంకో చిటికెడు మాట. ఇంకో పూట సిగ్గు. అమ్మ సరేనంది. అమ్మమ్మ సరేనంది. అందరి సరేలూ కలిసే ఆ పటం మీద ఎవరిదీ కాదు అన్న ముక్కయింది.

"సరే," అంది ఆమె. కోడలు ఊపిరి పీల్చుకుంది.

"అయితే జడ్జి గారు నవ్వారని కూడా రాయమనండి. ఆ నవ్వు ఏ భాషలో నవ్వారో అదీ రాయమనండి."

జడ్జి గారి ముఖం కందిపోయింది. మెడ దగ్గర పట్టీ లాక్కున్నాడు, ఊపిరాడనట్టు. గుమ్మం దగ్గర బంట్రోతును చూసి కసిరాడు.

"ఆ కిటికీ తియ్యవయ్యా!"

ఇంటి మాట. అచ్చంగా మడుగు అవతలి వీధి యాస.

ఆమె బోను కర్రను రెండు చేతులా పట్టుకుంది.

"కిటికీ తియ్యమనడానికి వస్తుందా అయ్యా మన మాట? బంట్రోతును కసరడానికి వస్తుందా? నా గోడు వినడానికే రాదా?"

దుబాసీ ఆ మాటలు ఎక్కడికీ ఎక్కించలేదు. చేతులు కట్టుకుని నేల చూపులు చూశాడు.

బంట్రోతు కిటికీకి భుజం ఆనించి తోశాడు. రంగు పెచ్చు ఒకటి రాలింది. మళ్లీ తోశాడు. ఎన్ని పొరల రంగో... కిర్రుమనలేదు కూడా.

జడ్జి గారి చేతిలో కలం ఉంది. కొట్టేయలేదు. రాయలేదు. పైకప్పు కేసి మాత్రం చూడటం లేదు.

"మళ్లీ మొదట్నుంచి చెబుతాను," అంది ఆమె. ఈసారి చేతులు తిప్పలేదు. గొంతు తగ్గించలేదు. "మా అమ్మ నన్ను మడుగులోకి దింపినప్పుడు..."

బంట్రోతు ఇంకా తోస్తూనే ఉన్నాడు.

అవతల, గాలి అద్దాన్ని కొడుతోంది.