దూడకు తొలి ముద్ద

పాకలో మూడో దూడ కూడా చచ్చిపోయినప్పుడు కోడలికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం మరీ చెడ్డది, ఎదురుపడ్డ ప్రతివాళ్ళ మీదా పడుతుంది. ముందు మొగుడి మీద పడింది. తర్వాత పాలకోసం గిన్నె పట్టుకొచ్చిన పొరుగావిడ మీద పడింది. దారికి అడ్డంగా నిలబడ్డ పాపానికి ముసలావు మీద కూడా పడింది. అత్తగారి మీద మాత్రం పడలేదు. దూడల విషయంలో ఆవిడను పల్లెత్తు మాట అనే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆవిడను వీధివీధంతా దూడలమ్మ అనేది. తల్లి దగ్గరకు రానివ్వని దూడ, కాళ్ళు నిలవని దూడ, నోట్లో వేలు పెట్టినా చీకని దూడ, ఎవరింట పుట్టినా ముందు ఆవిడ ఒళ్ళోకి రావలసిందే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈవిడ దూడ అడక్కముందే పెట్టేది. ఆ పాకలో ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. నానబెట్టిన పత్తిచెక్కలో తొలి ముద్ద దూడది, ఆ తర్వాతే తల్లిది. పత్తిగింజ నుంచి నూనె పిండేశాక గట్టిగా అట్టకట్టి మిగిలేదే ఆ చెక్క. అది తిన్న ఆవు పాలు చిక్కగా ఇస్తుంది. తల్లికి బలమైంది బిడ్డకు కాకుండా పోతుందా అన్నది ఆవిడ న్యాయం. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి.

కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు ఒకసారి తెలియక ఆవుకు ముందు పెట్టేసింది.

"నీ బిడ్డని పస్తుంచి నువ్వు తింటావా అమ్మాయ్?" అని అడిగింది దూడలమ్మ.

అప్పటికి కోడలికి బిడ్డే లేదు. అయినా సిగ్గుతో చచ్చిపోయింది.

చెక్కకు ఆ ఇంట్లో కొరత లేదు. కొడుకు పనిచేసేది నూనెమిల్లులోనే. విరిగిన చెక్క, నేల ఊడ్చిన పొడి, గింజల మీది పొట్టు పనివాళ్ళు ఇంటికి తెచ్చుకోవచ్చు. భుజాన గోనెసంచితో అతను వీధి మలుపు తిరిగేసరికి పాకలో పశువులు చెవులు రిక్కించేవి.

"ఇంట్లో నాకంటే ఈ సంచికే మర్యాద ఎక్కువ" అనేవాడు, దాన్ని దించుతూ.

"నువ్వు పాలిస్తావేమిట్రా, మర్యాద చెయ్యడానికి?" అనేది తల్లి.

మొదటి దూడ చచ్చినప్పుడు పురుగు ముట్టిందన్నారు. రెండోదానికి తల్లిపాలు పడలేదన్నారు. మూడోది ముందురోజు దాకా నిక్షేపంగా ఉండి, పొద్దున పలుపు విప్పగానే వాకిట్లోకి నాలుగు గెంతులు గెంతి, గేటు దగ్గర కూలబడి, మళ్ళీ లేవలేదు. దానికి చెప్పుకోవడానికి ఏ కారణమూ మిగల్లేదు. అందుకే పశువుల డాక్టర్ని పిలిచారు.

ఆయన వచ్చి దూడను కోసి చూడాలన్నాడు. అది చూడటం తన వల్ల కాదని దూడలమ్మ వీధి చివర దుకాణం దాకా వెళ్ళి, అక్కడి బల్ల మీద కూర్చుండిపోయింది. పాక వెనక కోడలు బకెట్టుతో నీళ్ళు పట్టుకుని నిలబడింది. డాక్టరు ఛాతీ తెరవగానే పసుపుపచ్చటి నీళ్ళు బయటికి వచ్చాయి. గుండె పట్టు తప్పి మెత్తగా వేలాడుతోంది.

"ఏం పెడుతున్నారు?" అన్నాడు ఆయన.

పక్కనే ఉన్న కొడుకు పత్తిచెక్క సంగతి చెప్పాడు. డాక్టరు ఒక ముక్క తెప్పించుకుని, విరిచి, వెలుగులో పట్టి చూశాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "మీ మిల్లులో గింజ ఉడికించి పిండుతున్నారా, పచ్చిదేనా?" అని అడిగాడు.

"ఇదివరకు ఉడికించేవాళ్ళమండి. ఆ బానల దగ్గరే ఉండేవాణ్ణి నేను. కొత్త మిషను వచ్చాక బానలు తీసేశారు. ఇప్పుడు పచ్చిగానే పిండేస్తుంది."

"పత్తిగింజలో విషం ఉంటుందయ్యా. ఉడికితే చాలావరకు విరిగిపోతుంది. పచ్చిచెక్కైనా, మితంగా పెడితే పెద్ద పశువు తట్టుకుంటుంది, దాని కడుపు వేరు. పాలు తాగే దూడకి ఆ కడుపు ఇంకా తయారవదు. తిన్నది తిన్నట్టు కొంచెం కొంచెంగా గుండెకి పడుతుంది. పైకి ఏమీ కనపడదు. ఒకరోజు గెంతుతుంది, అంతే."

మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇద్దరూ పాకలోకే చూశారు. అక్కడ ఇంకొక్క దూడ ఉంది. ముసలావుకు పుట్టిన ఎర్రపెయ్య. ముసలావు ఇక ఈనదు, దానికి ఇదే ఆఖరి ఈత. ఈ పెయ్య బతికి పెద్దదైతేనే పాకలో దాని సంతు నిలుస్తుంది.

"దీనికి ఇప్పటికే కొంత ఎక్కే ఉంటుంది" అన్నాడు డాక్టరు, చేతులు కడుక్కుంటూ. "పాలు, లేతగడ్డి, అంతే. పరుగెత్తనివ్వకండి. ఇక ఒక్క ముద్ద కూడా పడకపోతే బతకొచ్చు."

ఆయన వెళ్ళాక కొడుకు గోనెసంచిని గోడవారకు ఈడ్చాడు.

"అమ్మకి చెప్పకే" అన్నాడు. "తన చేత్తో చంపానని తెలిస్తే బతకదు."

"మరి పెట్టొద్దని ఎలా చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పు. చెక్క తక్కువొస్తోందని చెప్పు."

కోడలు సరేనంది. జాలిపడే సరేనంది, అందులో అబద్ధం లేదు. కానీ జాలి ఒక్కటే కాదు. జీవితమంతా దూడల్ని పెంచి పేరు తెచ్చుకున్న మనిషితో నువ్వే చంపావని చెప్పే నోరు తనది కాకూడదనుకుంది. మొగుడు వద్దనడంతో ప్రాణం తేలికపడింది కూడా. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చేది ఇలాంటి మంచితనమే.

ఆ సాయంత్రం అత్తగారు దూడ ముద్దకోసం చెక్క అందుకోబోతుంటే కోడలు అడ్డుపడింది.

"మిల్లులో చెక్క సరిగా ఇవ్వట్లేదు అత్తయ్యా. ఉన్నది ఆవులకే సరిపోతుంది. దూడకి పాలూ గడ్డీ చాలన్నారు డాక్టరుగారు."

దూడలమ్మ గోడకు చేరేసిన నిండు బస్తా వైపు చూసింది. ఆ తర్వాత కోడలి వైపు చూసింది.

"ఓహో" అంది.

అత్తగారి ఓహోలో ఏమేం ఉంటాయో కాపురం చేసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మర్నాటికి వీధిలో అందరికీ తెలిసిపోయింది, పాలిచ్చే ఆవుకు పెట్టుకుని నోరులేని దూడ కడుపు కొడుతున్నారని. పొరుగావిడ గిన్నె పట్టుకొచ్చి, పాలు పోయించుకుంటూ, "పెద్దావిడ బాధపడుతోందమ్మా" అని ఒక మాట వేసి వెళ్ళింది.

అంత మాట పడ్డందుకు పెయ్యను మాత్రం కంటికి రెప్పలా చూసుకుంది. పలుపు పొట్టిగా కట్టింది. లేతగడ్డి తానే కోసుకొచ్చి తానే తినిపించింది. మొదట్లో తల్లి ముందు చెక్క పెట్టగానే పెయ్య మెడ సాచి గోల పెట్టేది. రానురాను ఆ గోల తగ్గింది. అలవాటు పడింది పిచ్చిది, అనుకుంది కోడలు. ఇక బతికేస్తుందన్న ధైర్యం మెల్లగా వచ్చింది. ఒక పూట దాని నుదురు నిమురుతూ, "నువ్వు ఈనే రోజుకి అందరి నోళ్ళూ మూతపడతాయిలే" అని దానితో చెప్పుకుంది కూడా.

ఆ మధ్యాహ్నం కొడుకు మిల్లు నుంచి వచ్చి గేటు తీసిన చప్పుడుకు పెయ్య ఉలిక్కిపడింది. ముడి వదులైందేమో, పలుపు ఊడిపోయింది. కోడలు పట్టుకోబోయేలోపు వాకిట్లోకి వచ్చి రెండు గెంతులు వేసింది. మూడోది వేయలేదు. ముందుకాళ్ళు మడుచుకుని వాలిపోయింది. కోడలు పరుగున వెళ్ళి తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. ముక్కులోంచి నురగ వచ్చింది. రొప్పి రొప్పి ఆగిపోయింది.

కప్పడానికి గోనెపట్టా తెద్దామని పాకలోకి వెళ్ళిన కోడలికి గడ్డిమోపుల వెనక ఒక సత్తుగిన్నె కనిపించింది. అందులో నానబెట్టిన చెక్క సగం ఉంది. మిగతా సగం శుభ్రంగా నాకేసి ఉంది. పెయ్య గోల ఎందుకు మానేసిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

ఆ గిన్నె పట్టుకునే వాకిట్లోకి వచ్చింది. అప్పటికే దూడలమ్మ పెయ్య పక్కన చతికిలబడి దాని చెవులు నిమురుతోంది. గిన్నెను చూసి ఆవిడ తడబడలేదు.

"ఆఁ, నేనే పెట్టాను" అంది. "నా ఇంట్లో నేనే దొంగలా పెట్టాల్సొచ్చింది. అయినా చాల్లేదు. మీరు మాడ్చిందాని ముందు నా గుప్పెడు ఏ మూలకి? ఇంకమీదట ఈ పాకలో ఏది పుట్టినా నేనే పెడతాను. రోజుకి రెండుసార్లు పెడతాను. ఎవరడ్డమొస్తారో చూస్తాను. పక్కింటి దూడ కూడా నీరసంగా ఉందట, ఈ మిగిలింది దానికిచ్చి రా."

కొడుకు సంచి దించడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. అతను నోరు విప్పడని కోడలికి తెలిసిపోయింది. గిన్నెను వెనక్కి తీసుకుంది.

"చెక్కే చంపింది అత్తయ్యా" అంది. "ఇప్పుడు గింజ ఉడికించట్లేదు. పచ్చిచెక్క పాలుతాగే దూడకి విషమట. డాక్టరు చెప్పాడు."

దూడలమ్మ చేయి పెయ్య చెవి మీదే ఆగిపోయింది. "ముందు పోయినవి?" అంది.

"అవి కూడా."

"నేను పెట్టిందానికేనా?"

కోడలు తల ఊపింది. అత్తగారు గుండెలు బాదుకుంటుందని, పడిపోతుందని భయపడి దగ్గరికి జరిగింది. ఆవిడ పడిపోలేదు. కొడుకును చూసింది, కోడలిని చూసింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"డాక్టరు వచ్చిన రోజునే" అంది కోడలు. "మీరు తట్టుకోలేరని..."

"తట్టుకోలేకపోయేదాన్నే" అంది దూడలమ్మ. "ఏడ్చేదాన్ని. మంచం పట్టేదాన్ని. చస్తే చచ్చేదాన్నేమో కూడా. కానీ అమ్మా, ఆ మాట నాకు చెప్పుంటే దీని నోట్లో పెట్టేదాన్నా?"