నరసింగరావు తొలి ఉపవాసం

నరసింగరావు భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. షిఫ్టుల అలవాటు పోక ఇప్పటికీ తిండి గబగబా మింగేవాడు. సాయంత్రం సుపేలా బజారులో సమోసాలు తింటే, రాత్రంతా గుండెల్లో మంట.

కార్తీక సోమవారం పొద్దున్న భార్య అప్పలకొండతో, "ఈయాల నానూ నీతో ఉపోసముంటానే" అన్నాడు.

"మీరేటి, ఉపోసమేటి! మజ్జాన్నానికే సమోసాల కొట్టుకాడ తేల్తారు" అని ఆమె నవ్వింది.

మధ్యాహ్నం ఆకలికి చిరాకుపడ్డాడు. మంచినీళ్లు తాగి వరండాలో కూర్చున్నాడు. పొద్దువాలేసరికి ఆకలి సద్దుమణిగి ఒళ్లు తేలికపడింది. అప్పలకొండ తులసి దగ్గర దీపం పెడుతుంటే పక్కన నిలబడి, ఎన్నడూ లేనిది, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టాడు. ఏమీ కోరుకోవాలనిపించలేదు. మనసు నిమ్మళంగా ఉంది.

చుక్క కనిపించాక ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలుపుకుని మొదటి ముద్ద నెమ్మదిగా నమిలాడు.

"పప్పు ఇంత కమ్మగా ఉంటాదేటే?"

"రోజూ ఇలాగే వండతాను. మీరే రుచి చూడకుండా మింగేసేవోరు."

ఆ రాత్రి మంట లేకుండా హాయిగా నిద్రపట్టింది. పొద్దున్నే లేచి, "వచ్చే సోమారం కూడా ఉంటానే" అన్నాడు. అప్పలకొండ నవ్వుతూ టీ గ్లాసు చేతికిచ్చింది.