ఉప్పుగదిలో తల్లి

సబ్బు ఫ్యాక్టరీకి వచ్చిన లారీ వెనక తలుపు తియ్యగానే పామాయిల్ గెలల మధ్య నుంచి ఒక చెయ్యి జారి వేలాడింది. మనిషి చెయ్యే అనుకుంది ముద్రక్క. గెలలు పక్కకు లాగి చూస్తే అడవి కోతి. ఒళ్ళంతా కాలి చచ్చిపోయింది. దాని రొమ్ము పట్టుకుని పిల్ల మాత్రం ఇంకా ఊపిరి తీస్తోంది.

ఆ ఫ్యాక్టరీలో సబ్బుల మీద ముద్ర కొట్టేది ముద్రక్కే. ఆ ముద్రలో ఏముంటుందనుకున్నారు? ఒళ్ళో పిల్లతో తల్లి కోతి, కింద ‘అడవిని కాపాడే సబ్బు’ అన్న రాత.

మేస్త్రీ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"తల్లిని బాయిలర్ పొయ్యిలో పడెయ్యండి. పిల్లని కడిగి ఉంచండి. రేపు తనిఖీ వాళ్ళొస్తున్నారు. మనమే కాపాడామని ఫొటో తీయిద్దాం."

"దేంతో కడగమంటారు?"

"మన సబ్బుతోనే. నురగ కనబడితే ఫొటో బాగుంటుంది."

ముద్రక్క పక్కకు ఉమ్మింది. థూ, వీళ్ళ బతుకు చెడ.

ఆ మంట సంగతి ఆమెకు తెలుసు. కొత్త తోట వెయ్యడానికి అడవికి నిప్పు పెట్టమన్నాడు కంపెనీ కాంట్రాక్టరు. తోటలో కూలికెళ్ళే ఆమె తమ్ముడు పెట్టనన్నాడు. అడవి తగలబడ్డాక పోలీసులు పట్టుకెళ్ళింది అతన్నే. ఆ కాలిన నేలతో మాకు సంబంధం లేదు, మా గెలలన్నీ పాత తోటవే అంటోంది కంపెనీ. నూనె ఏ తోటదో చూసే తనిఖీ వాళ్ళు ఔనని సంతకం పెడితే తమ్ముడు జైల్లో మగ్గిపోవాల్సిందే.

మధ్యాహ్నం సబ్బు ఉడికే కాగు దగ్గర అందరూ చేరారు.

"కోతి కోసం పని పోగొట్టుకుంటామా?" అంది సబ్బులకు కాగితం చుట్టే వదిన. "నా పిల్లలకు నువ్వు పెడతావా?"

"కోతి కోసం కాదు వదినా. వాళ్ళ లారీ ఆ మంటల పక్కన నిలబడకపోతే అందులోకి ఇదెలా వచ్చింది? ఇది బూడిదైతే నా తమ్ముడి తరఫున చెప్పడానికి ఏం మిగలదు."

"ఇవాళ వాడు, రేపు మనం," అన్నాడు కాగు తిప్పే తాత. "ఉప్పుగది ఉందిగా."

సబ్బు ఉడికాక నీళ్ళ నుంచి విడగొట్టడానికి కాగులో ఉప్పు పోస్తారు. అందుకని ఆ గదిలో ఉప్పు ఎప్పుడూ గుట్టగా ఉంటుంది. కుళ్ళకుండా తల్లిని అందులో కప్పెట్టారు. పొయ్యిలో పాడైన గెలలు వేసి పొగ లేపారు. ఆ పొగ చూసి మేస్త్రీ తృప్తిగా టీ తాగాడు.

మర్నాడు తనిఖీ వాళ్ళు వచ్చారు. నురగ పూసిన పిల్లను ఎత్తుకుని మేనేజరు పళ్ళన్నీ బయటపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ళు తల్లి కోతి ఉన్న గోతం మోసుకొచ్చి వాళ్ళ ముందు విప్పారు. పిల్ల మేనేజరు చేతిలోంచి దూకింది. పాకుతూ పోయి, ఉప్పు అంటిన ఆ రొమ్మునే నోట పెట్టుకుంది.

తనిఖీ పెద్దమనిషి మొహం తిప్పుకున్నాడు. "మేం చూడాల్సింది నూనె. కళేబరాలు కాదు," అని జేబులో పెన్ను వెతుక్కున్నాడు.

ఏం మనుషులయ్యా వీళ్ళు! ముద్రక్క లోపలికెళ్ళి మిషను నుంచి ముద్ర దిమ్మ ఊడబీకి, కుతకుత ఉడుకుతున్న కాగులోకి విసిరేసింది.

పోలీసులు రావడం ఎంతసేపు? కంపెనీ సొత్తు పాడు చేసిందని ఆమెను జీపు ఎక్కించారు. జీపు గేటు దాటకముందే తాత కాగుకు వేడినిచ్చే ఆవిరి కట్టేశాడు. గెలలు దింపేవాళ్ళు, కోసేవాళ్ళు, కాగితం చుట్టేవాళ్ళు అందరూ కాగు చుట్టూ కూర్చున్నారు. లోపల సబ్బు మెల్లగా గడ్డకట్టసాగింది. ముద్ర అడుగునే ఉండిపోయింది.

మేనేజరు గొంతు మారింది. "ఇది రాయైపోతే ఎవరు పగలగొడతారు? చెప్పండమ్మా, మీకేం కావాలి?"

వదిన లేచి నిలబడింది. ఆమె కొంగులో కోతిపిల్ల నిద్రపోతోంది.

"ముద్రక్కని, ఆమె తమ్ముణ్ణి తీసుకురండి. వాళ్ళొచ్చి ముట్టుకుంటేనే ఈ కాగు మళ్ళీ ఉడుకుతుంది."

అని మళ్ళీ కూర్చుంది. ఒక్కరూ కదల్లేదు.