రెండు మాటల మధ్య

"గుంటడికి తలంటి కాటికెట్టు. అన్న మల్లీ సూస్తానంతన్నాడు" అని చెప్పి కూర్మనాథం మిల్లుకు వెళ్లిపోయాడు.

సూరమ్మ గంజి వార్చిన చేతులతోనే కాసేపు నిలబడిపోయింది. చిన్నకొడుక్కి తలంటి కాటుక పెట్టడం ఆమెకు కొత్త కాదు. అమ్మకానికి తోలుకెళ్లే ముందు దూడని కడిగినట్టు కడగమంటున్నాడే అనిపించింది. పజుందాన్ వాగు ఒడ్డున బియ్యం మిల్లులో కూర్మనాథం మేస్త్రి. అతని కింది కూలీలంతా ఈ ఇంట్లోనే తింటారు. పొద్దు పొడవకముందే పొయ్యి వెలిగించి, వాళ్లు తిని వెళ్లాక డేగిసాలు తోమి, మళ్లీ సాయంత్రానికి బియ్యం కడగడం, పెళ్లై రంగూన్ వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు అదే పని. మేస్త్రి మంచోడు, కడుపు నిండా పెడతాడని కూలీలు మెచ్చుకుంటారు. ఆ అన్నం ఎవరు వండారన్న మాట ఎవరి నోటా రాదు. ఆమెకూ అది తప్పని తోచలేదు, ఈ వారం దాకా.

మొదటి పెద్ద యుద్ధం ఆగిపోయిన నాలుగైదేళ్లకు, మిల్లులు జోరుగా నడిచే చలికాలంలో, ఇచ్ఛాపురం దగ్గర సొంతూరి నుంచి బావ కన్నారావు, తోటికోడలు తులసమ్మ స్టీమరెక్కి వచ్చారు. వాళ్లకు పిల్లల్లేరు. సూరమ్మకు ఇద్దరు మగపిల్లలు. చిన్నాడు దండాసి ఇంకా పాలు మానలేదు. వాణ్ణి పెంపకానికి తీసుకెళ్లాలని ఊళ్లోనే అనుకుని వచ్చారు. కాదంటే కన్నారావు మరో పెళ్లి చేసుకుంటాడు, సంబంధం కూడా చూసిపెట్టారు. రెండోవాడు పుట్టిందే తన పెద్దకొడుకు కోసమని అత్తగారు చెప్పి పంపిందట. "నీకింకా పుడతారు, ఆల్లకి నేరు. పైవోలకిస్తన్నావేటి?" అన్నాడు కూర్మనాథం. వచ్చే వారం స్టీమరు.

ఇవ్వనని ఒక్క మాట అనేస్తే సరిపోయేదే. కానీ సూరమ్మకు తులసమ్మంటే ప్రాణం. రంగూన్ రాకముందు, కొత్త కోడలిగా ఊళ్లో అత్తగారింట్లో అడుగుపెట్టినప్పుడు, అత్తగారి నోటికి అడ్డం నిలబడింది తులసమ్మే. చద్దికూడే గతి అనుకున్న పూట, వేడన్నం దాచిపెట్టి పిలిచింది తులసమ్మే. అంతటి మనిషిని పేరంటాలకు పిలవరు, పురిటింటి గడప తొక్కనివ్వరు. గొడ్రాలన్న మాట ఆమె వినేలాగే అంటారు. ఇప్పుడు బిడ్డనివ్వకపోతే ఆమె నెత్తిన సవతి వచ్చి కూర్చుంటుంది. ఆ పాపం తనదే కదా. ఇస్తే మాత్రం తన గుండె కోసి ఇచ్చినట్టే. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

పక్కింట్లో డో మ్యా అని ఒక బర్మా ఆవిడ ఉంది. చుట్టలు చుట్టి పబేడాన్ బజారులో అమ్ముకుంటుంది. మొగుడు తాగి కొడుతున్నాడని ఒకరోజు బట్టలు మూటగట్టుకుని బయటికి వచ్చేసిందట. తర్వాతేమైందని సూరమ్మ ఆత్రంగా అడిగితే, ఏమీ కాలేదు, చుట్టలు చుట్టుకుంటున్నానని నవ్వింది. సూరమ్మ ఆ మాటను చాలా రోజులు వింతగా తలుచుకుంది. మధ్యాహ్నం పని తెమిలాక డో మ్యా దగ్గర్లోని పగోడా మంటపంలో కళ్లు మూసుకుని కూర్చుంటుంది. కూర్చుని ఏం చేస్తావంటే, ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోతుంటే చూస్తానంది. ఒకసారి సూరమ్మ కూడా వెళ్లి కూర్చుంది. కళ్లు మూసిన కాసేపటికే నిద్రపోయింది. పెళ్లయ్యాక పట్టపగలు నిద్రపోవడం ఆమెకు అదే మొదలు. డో మ్యా లేపలేదు.

కూర్మనాథం అలా చెప్పి మిల్లుకు వెళ్లిన ఆ రోజు, పిల్లాడికి తలంటి, కాటుక మాత్రం పెట్టకుండానే వాణ్ణి చంకనేసుకుని మంటపానికి వెళ్లింది. బజారులో నేర్చిన బర్మా మాటల్లో జరిగినదంతా చెప్పింది. ఆవిడ ఇవ్వమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఇస్తానని మనసులో అనుకుని ఊరికే కూర్చో, ఒంట్లో ఎక్కడ పట్టేస్తుందో చూడు, తర్వాత ఇవ్వనని అనుకుని కూర్చో, అంది. పిల్లాణ్ణి తన ఒళ్లోకి తీసుకుంది.

ఇస్తాను, అనుకుంది సూరమ్మ. రొమ్ములు సలిపాయి, రవిక తడిసింది. అది ఆమెకు తెలిసిందే. ఇవ్వను, అనుకుంది. ఈసారి ఒళ్లు తేలికవుతుందనుకుంది. కాలేదు. గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టయింది. ఆ ముల్లు తులసమ్మ మొహం. రెండు మాటలూ తనవి కావేమో అనిపించి, మాటలు వదిలేసి ఊపిరి చూస్తూ కూర్చుంది. మర్నాడూ అలాగే కూర్చుంది. భర్త గొంతు వినిపించింది. బావ గొంతు, సముద్రం అవతలి అత్తగారి గొంతు కూడా వినిపించాయి. ఒక్కొక్కటీ వచ్చి, కాసేపుండి, పోయింది. అన్నీ పోయాక చాలాసేపు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో ఎవరూ చెప్పకుండానే ఆమెకు తోచింది. ఇన్ని రోజుల ఈ మాటల్లో తులసమ్మ గొంతు లేదు. పిల్లాణ్ణి ఇమ్మని తులసమ్మ ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి తులసమ్మ పెరట్లో చేపలు తోముతోంది. సూరమ్మ పక్కన కూర్చుని తనూ ఒక చేపను అందుకుంది.

"అప్పా, నీకు గుంటడు కావాలేటి?"

తులసమ్మ చేతులు ఆగలేదు. "ఆడంటే నాకు ముద్దే. కాని నీ వొల్లోంచి లాగి నా వొల్లో ఎడితే, ఆడేడ్సినప్పుడల్లా నాను దొంగనే గదే."

"మరి నీకేటి కావాల?"

ఈసారి చేతులు ఆగాయి. "ఆ మాట నన్నెవులూ అడగనేదు. అడిగితే ఏటి సెప్పాలో కూడా ఆలోసించుకోనేదు" అంది. తర్వాత చేప వైపే చూస్తూ, "ఆ ఇంటికి మల్లీ ఎల్లకుండా ఉంటే బాగున్ను" అంది.

సూరమ్మ గొంతులో ముల్లు ఉందో లేదో వెతుక్కుంది. లేదు.

ఆ సాయంత్రం అన్నదమ్ములిద్దరూ అరుగు మీద చుట్టలు కాలుస్తుంటే, గుమ్మం వెనక ఆగకుండా బయటికే వచ్చి నిలబడింది. మంటపంలో చూసినట్టే ఒకసారి తన ఊపిరిని చూసుకుంది.

"పిల్లడు రాడు బావా. అప్ప కూడా రాదు. ఇక్కడే ఉంటాది."

కన్నారావు తమ్ముడి వైపు చూశాడు. ఆడదాని మాటకు విలువేమిటి, నీ ఇంట్లో ఎవరు మేస్త్రి అని అడిగాడు. పరువు పోయిన కూర్మనాథం లేచాడు. నువ్వూ మీ అప్పా కలిసి ఎటైనా పొండి, ఈ గడప దిగండి అన్నాడు.

"ఎల్తాం మావా" అంది సూరమ్మ నిదానంగా. "మిల్లు కాడే గుడిసేసుకుని కూడు వొండుతాం. నీ కూలీలు తినేది నా సేతి కూడే. ఆల్లు ఎక్కడ తింతారో ఆల్లనే అడుగు."

ఆమె బెదిరించడం లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. కూర్మనాథం నిలబడి, నిలబడి, మళ్లీ కూర్చున్నాడు. లోపలి నుంచి తులసమ్మ వచ్చి సూరమ్మ పక్కన నిలబడింది. నేను రానని మొగుడికి తన నోటితో తనే చెప్పింది. ఊరెళ్లి పెళ్లి చేసుకుంటానన్నాడు కన్నారావు. చేసుకోమంది. ఆ మాట అన్నాక ఆమె ఏడ్చింది. అయినా మాట మార్చుకోలేదు.

స్టీమరు రోజున కన్నారావు రేవులో చివరిదాకా వెనక్కి చూశాడట. తులసమ్మ వెళ్లలేదు. ఆ వేళకు డో మ్యా పక్కన పీట మీద కూర్చుని, పొగాకు ఆకు ఎలా పరవాలో నేర్చుకుంటోంది.

అన్నను ఎక్కించి కూర్మనాథం మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. ఆ గొడవ నాటి నుంచీ అతను గడప దిగమని మళ్లీ అనలేదు, సూరమ్మతో మాట్లాడటమూ లేదు. కాళ్లు కడుక్కుని కూర్చుంటే ఆమె అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిని ఆగాడు. కంచంలోకే చూస్తూ, "మీ అప్ప తిన్నాదా?" అన్నాడు.

"నేదు. నానూ తిన్నేదు" అంది సూరమ్మ. వాకిట్లోకి వెళ్లి తులసమ్మను కేకేసి, మరో రెండు కంచాలు తెచ్చి అతని పక్కనే పెట్టింది.