నలభై పేజీల తాళం

ఆ చుట్టుపక్కల సగం అపార్ట్‌మెంట్ల తలుపులకు ఆవిడ చేయి తగిలింది కాబట్టి అందరూ ఆవిడను తాళాలక్క అనేవారు. అసలు పేరు మెడలోని ఐడీ కార్డు మీద ఉండేది, దాన్ని చదివే తీరిక ఎవరికీ లేదు. వాళ్ళ నాన్న వీధి మలుపులో గొడుగు కింద కూర్చుని ఆకురాయితో తాళంచెవులు అరగదీసిన మనిషి. ఈవిడ కంపెనీ చొక్కా వేసుకుని, ఫోన్‌తో తెరుచుకునే ఇంటర్నెట్ తాళాలు బిగించే పనిలో చేరింది. పని చాలా శుభ్రంగా చేసేది. తలుపు మీద చిన్న గీత పడనిచ్చేది కాదు, రాలిన చెక్కపొట్టు కూడా తానే ఊడ్చి మరీ వెళ్ళేది.

ఇన్ని మంచి గుణాలున్న మనిషికి ఒక్క పాడలవాటు ఉండేది, అది ఆవిడ బొటనవేలికి పట్టుకుంది. బిగించడం అయ్యాక టాబ్లెట్ మీద నలభై పేజీల షరతులు వచ్చేవి. ఆ ఇంట్లో ఉండేవాళ్ళు అవన్నీ చదివి, తమ వేలితో ‘ఒప్పుకుంటున్నాను’ అన్నచోట నొక్కాలి. కంపెనీ ఒక్కో తలుపుకు ఇచ్చేది నలభై నిమిషాలు. మరి నలభై పేజీలు ఎవడు చదువుతాడు? “మీరే నొక్కేయండక్కా” అనేవారు ఇంటివాళ్ళు. కొందరు ఆ మాట కూడా అనకముందే ఆవిడ తెరను సర్రున చివరికంటా లాగి నొక్కేసేది. నాలుగేళ్ళలో అలా రెండువేల మూడువందల పదిహేడు తలుపులయ్యాయి.

ఒక మంగళవారం పొద్దున్న తొమ్మిది దాటాక ఆవిడకు ఫిర్యాదు వచ్చింది. రెండో అంతస్తులో ఒక ఇంటి తలుపు లోపలినుంచి తెరుచుకోవడం లేదట. వెళ్ళి చూస్తే తలుపు పక్క కిటికీ ఊచలు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఏదో స్కూలు ఆఫీసులో గుమాస్తా. ముఖం కందగడ్డలా ఉంది.

“పిడి ఎంత తిప్పినా ఊరికే తిరుగుతోందక్కా. పొద్దున్న ఏడింటినుంచి ఇంట్లో బందీని.”

తాళాలక్క టాబ్లెట్ తీసి చూసింది. తాళంలో ఏ లోపమూ లేదు. ‘పిల్లల భద్రత అమల్లో ఉంది. ఖాతాదారు ఆదేశం’ అని రాసుంది. అంటే చిన్నపిల్లలు బయటికి పరిగెత్తకుండా లోపలి పిడి పనిచేయడం ఆపేశారన్నమాట.

“ఇంట్లో చిన్నపిల్లలున్నారామ్మా?”

“ఉంది ఒక పిల్ల. నలభై ఒక్కేళ్ళు. నేనే.”

సంగతి మెల్లగా బయటపడింది. తాళం కొని బహుమతిగా పెట్టించింది ఆవిడ అన్నగారు. ఖాతా ఆయన పేరున ఉంది. చెల్లెలు గుమాస్తాగిరీతో విసిగి ఆరునెలలుగా బస్సు నడపడం నేర్చుకుంటోంది. ఆ పొద్దున్నే ఎనిమిదిన్నరకు డిపోలో డ్రైవింగ్ పరీక్ష. బస్సు అనే మాట వింటేనే అన్నగారికి గుండె దడ.

చెల్లెలు అన్నగారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

“బుజ్జీ, కోపం తెచ్చుకోకమ్మా,” అంది అవతలి గొంతు, వెన్నపూసినట్టు. “పరీక్ష టైమైపోయిందిగా, ఇదిగో తీసేస్తున్నా. నీ మంచికే కదా. అన్నట్టు నిన్న ఆరుంబావుకి పాలకని తలుపు తీశావు, ఆరూ నలభైకి వేశావు. ఒక్క పాల ప్యాకెట్టుకి ఇరవై అయిదు నిమిషాలేమిటే?”

తాళం కిర్రుమంది. తలుపు తెరుచుకుంది.

తాళాలక్కకు ఒళ్ళు మండిపోయింది. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి, “రెండు నిమిషాల్లో పీకి అవతల పారేస్తానుండు” అంది.

“పీకడానికేముందక్కా. మా అన్నయ్య మళ్ళీ ఫోన్ చేస్తాడు, మీ కంపెనీ మళ్ళీ మనిషిని పంపిస్తుంది. మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే నేను చదివి ఒప్పుకున్నట్టు రికార్డుంది అన్నారు. ఇదిగో, తారీకు, టైముతో సహా. నేనెప్పుడు ఒప్పుకున్నాను?”

తాళాలక్కకు ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. అన్నగారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చెల్లెలు వంటింట్లో టీ పెడుతోంది. టీ వచ్చేలోగా నొక్కేసి, వచ్చాక తాగి, బాగుందమ్మా అని మెచ్చుకుని మరీ వెళ్ళింది తను. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. కానీ అబద్ధమాడటానికి నోరు రాలేదు.

“నువ్వు ఒప్పుకోలేదమ్మా. నేను నొక్కాను.”

చెల్లెలు కుర్చీ లాగి, “కూర్చో. అందులో ఏముందో ఇద్దరం చదువుదాం” అంది. ఇంకోసారి పరీక్షకు శుక్రవారం పొద్దున్న అవకాశమిచ్చారట. అదీ పోతే శిక్షణలో తన చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నాలుగేళ్ళుగా మోసుకు తిరుగుతున్న షరతులను తాళాలక్క ఆ రోజే మొదటిసారి చదివింది. కొన్ని వాక్యాలు చదవగా చదవగా తల ప్రాణం తోకకొచ్చింది. ఖాతాదారు వేరు, నివాసి వేరు అని ఒకచోట ఉంది. నివాసి ఒప్పుకున్నాక ఖాతాదారు ఆ నివాసి రాకపోకలు చూడవచ్చు, తలుపును ఏ పద్ధతిలోనైనా పెట్టవచ్చు. ముప్ఫైమూడో పేజీలో దొరికింది అసలైనది. నివాసి తన చేత్తో ఇవ్వని ఒప్పుకోలు చెల్లదు. బిగించిన మనిషి ఆ సంగతి రాసిస్తే, రెండు పనిదినాల్లో నివాసిని మళ్ళీ మొదటినుంచి అడగాలి. అంతవరకూ పాత ఏర్పాటే సాగుతుంది. దాని కిందే ఇంకో ముక్క ఉంది: ‘నివాసి నా ఎదుట చదివి ఒప్పుకున్నారని ధ్రువీకరిస్తున్నాను.’ పక్కన తాళాలక్క ఐడీ నంబరు.

“రాసిస్తే నీ ఉద్యోగం?” అంది చెల్లెలు.

“అది నేను చూసుకుంటా. నువ్వు మాత్రం గురువారం సాయంత్రం మా ఇంటికొచ్చెయ్యి. శుక్రవారం అక్కణ్ణుంచే పరీక్షకి పోదువుగాని.”

“నా ఇంట్లోంచి నేను పారిపోవాలా? ససేమిరా. శుక్రవారం ఈ తలుపులోంచే వెళ్తాను.”

బుధవారం ఆఫీసు తెరవగానే తాళాలక్క సూపర్‌వైజరు ముందు కూర్చుంది. ఆయన మంచివాడే, కాకపోతే పైవాళ్ళ పేరు చెబితే నీరుగారిపోయే రకం. ఆవిడ రాసిన నాలుగు లైన్లు చదివి కాగితాన్ని నిప్పులా బల్ల మీద వదిలేశాడు.

“నెట్‌వర్క్ లోపమని రాసెయ్యక్కా. తాళం మార్చి పడేద్దాం.”

“లోపం నెట్‌వర్క్‌ది కాదండీ, నాది.”

“అందరం నొక్కేవాళ్ళమే కదా! ఈ ఒక్క తలుపు గురించి రాస్తే మిగతావాటి సంగతేంటని అడుగుతారు.”

“అడగనీండి. అడక్కపోయినా చెబుతా. నేను నొక్కిన తలుపుల జాబితా తెచ్చాను.” సంచిలోంచి లావుపాటి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన నోరు వెళ్ళబెట్టాడు.

“నీ ఐడీ ఆపేస్తారు. ఇల్లెలా గడుస్తుంది?”

ఆ మాటకు ఆవిడకు భయం వేసింది. వేయలేదంటే అబద్ధం. అయినా చేతులు కట్టుకుని, “మా నాన్న ఆకురాయి ఇంకా ఇంట్లోనే ఉందండీ. మీరు కాగితం తీసుకున్నట్టు ముద్ర వేసివ్వండి” అంది. ఆయన నీళ్ళు నమిలాడు, లేచాడు, కూర్చున్నాడు, ఎవరికో ఫోన్ చేశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. చివరికి ముద్ర పడింది. శుక్రవారం పొద్దున్న ఏడింటికి ఆ తలుపు దగ్గరికి వెళ్ళే పని కూడా ఆవిడకే రాసిచ్చారు. అదే ఆఖరి పని అని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

శుక్రవారం ఏడింటికి ఆవిడ మెట్లెక్కేసరికి అన్నగారు అప్పటికే వచ్చి ఉన్నాడు. నున్నగా దువ్విన తల, చేతిలో ఫోను, ముఖంలో గాభరా. కంపెనీ ఆయనకూ కబురు పంపింది. తలుపు మాత్రం ఆయన ఆ పొద్దున్న మళ్ళీ పెట్టిన ‘పిల్లల భద్రత’లోనే బిగుసుకుని ఉంది. కిటికీ అవతల చెల్లెలు, ఇస్త్రీ చేసిన చొక్కాతో, జడ బిగించి, పరీక్ష కాగితాలు చంకలో పెట్టుకుని సిద్ధంగా నిలబడింది.

“మీరే కదండీ బిగించింది? ఇప్పుడు మీరే అన్నాచెల్లెళ్ళ మధ్య పుల్లలు పెడుతున్నారా?” అన్నాడు ఆయన తాళాలక్కతో.

“నేనే బిగించాను. తప్పు చేశానని రాసిచ్చింది కూడా నేనే.” ఆవిడ టాబ్లెట్‌ను ఊచల సందులోంచి లోపలికి అందించింది. “ఇలా మళ్ళీ అడిగేటప్పుడు తెర సర్రున జరగదు, చివరిదాకా చదివితేగానీ నొక్కడానికి రాదమ్మా. ఇప్పుడు నా వేలు పెట్టను.”

చెల్లెలు మొదటి పేజీ నుంచి బిగ్గరగా చదవడం మొదలుపెట్టింది. ఎనిమిది పేజీలయ్యేసరికి ఏడుంబావు. పది పేజీలయ్యేసరికి అన్నగారికి చెమటలు పట్టాయి.

“బుజ్జీ, ఎందుకే ఈ పారాయణం? ఎనిమిదిన్నరకి కదా పరీక్ష? ఇదిగో, నేను ఒక్కసారి నొక్కితే తలుపు తెరుచుకుంటుంది. నా బండి మీద నేనే దింపుతా, సరేనా?”

ఆ మాట చిన్నది కాదు. ఆయన బస్సుకు ఒప్పుకోవడం అదే మొదటిసారి. తాళాలక్క కిటికీ వైపు చూసింది.

“వద్దన్నయ్యా. ఇవాళ నువ్వు తీస్తే రేపు నువ్వే వేస్తావు. నువ్వు తీసిన తలుపులోంచి నేను రాను. పరీక్ష పోతే పోయింది.” ఆవిడ కళ్ళు తెర మీదినుంచి లేవలేదు. “పద్నాలుగో పేజీ. నివాసి ఎప్పుడు బయటికి వెళ్ళేదీ, ఎప్పుడు తిరిగొచ్చేదీ, ఇంట్లో ఒంటరిగా ఎంతసేపు ఉండేదీ కంపెనీ, కంపెనీ భాగస్వాములు చూడవచ్చు, దాచుకోవచ్చు.”

“ఆగాగు. ఎవరు చూస్తారు?” అన్నగారు ఉలిక్కిపడ్డాడు. “మా బుజ్జి ఒంటరిగా ఎంతసేపుందో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు చూడటమేమిటి? వాళ్ళెవరండీ అసలు చూడటానికి?”

“నువ్వు చూడట్లేదా?”

“నేను అన్నయ్యనే!”

“చూడమని నేను అడిగానా?”

ఆయన చేతిలోని ఫోను వైపు కొత్తగా చూసి, దాన్ని జేబులో పెట్టేసుకున్నాడు. ఆ తర్వాత ఒక్క పేజీకి కూడా అడ్డు చెప్పలేదు. పైగా ఇరవయ్యో పేజీ దగ్గర చెల్లెలికి గొంతు తడారిపోతే తన సీసాలోని నీళ్ళు ఊచల్లోంచి అందించాడు.

ఎనిమిదికి అయిదు నిమిషాల ముందు నలభయ్యో పేజీ అయింది. కింద రెండు గళ్ళు వెలిగాయి. తాళాలక్క ఇన్నేళ్ళలో రెండో గడిని చూడనే లేదు. దాని మీద ‘ఒప్పుకోను’ అని ఉంది. చెల్లెలు తడుముకోకుండా అక్కడ నొక్కింది.

ఒక క్షణం ఏమీ జరగలేదు. తర్వాత తాళంలో చిన్న మోటారు తిరిగింది. గడియ వెనక్కి జరిగింది, నీలం దీపం ఆరిపోయింది. టాబ్లెట్ మీద ‘సేవ ముగిసింది’ అని వచ్చింది. చెల్లెలు తలుపు బార్లా తెరిచి వరండాలోకి వచ్చింది. ఆవిడ ముఖం చూసి తాళాలక్కకు కళ్ళు చెమర్చాయి.

“మరి ఇంక తలుపెలా వేసుకుంటావే?” అన్నాడు అన్నగారు, దిక్కుతోచక.

“లోపలుంటే గడియ పెట్టుకుంటా. బయటికి పోతే తాళంకప్ప వేసుకుంటా. నువ్వొస్తే తలుపు కొట్టు, తీస్తాను.” కాగితాలు సర్దుకుని, తాళాలక్క చేయి ఒకసారి గట్టిగా నొక్కి, మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయింది.

తాళాలక్క ఆ మొద్దుతాళాన్ని పీకి, తలుపుకు గొళ్ళెం బిగించి, సంచిలోని కొత్త కప్పను వేసింది. దానికి రెండు తాళంచెవులు. అన్నగారు అలవాటు కొద్దీ చేయి చాపాడు.

“రెండూ ఆవిడవేనండీ. డిపోకి వెళ్ళి ఇచ్చి వస్తాను,” అంది ఆవిడ. చెక్కపొట్టు ఊడ్చి, సంచి భుజానికి తగిలించుకుని మెట్ల వైపు నడిచింది.

మలుపు దగ్గర వెనక్కి చూస్తే ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. లోపల ఎవరూ లేరని తెలిసి కూడా, వేలి కణుపులతో ఆ తలుపు మీద మెల్లగా రెండుసార్లు కొట్టి చూశాడు. ఇన్నాళ్ళలో చెల్లెలి ఇంటి తలుపు ఆయన కొట్టడం అదే మొదటిసారి.