పట్టు బల్ల దగ్గర మా చెల్లెలు

నాకు ముక్కు మీద కోపం. ఆ మాట నేనే చెప్పేస్తున్నాను, వేరేవాళ్ళకి ఆ శ్రమ ఎందుకు! మా కుట్టుగదిలో పట్టు బల్లకి నేనే పెద్దని. ఖరీదైన పట్టుబట్టల అంచు సన్నగా మడిచి, కుట్టు కనపడకుండా చేత్తో కుట్టడం మా పని. ఆరుగురం కూర్చుంటాం. కొత్త బట్ట ముట్టుకునే ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, అది మా బల్ల కట్టుబాటు. రోజుకి ఇరవైసార్లయినా అవుతుంది. ఎవరైనా ఎగ్గొట్టారో, నా నోటికి దొరికిపోయారన్నమాటే.

ఆ ఆరుగురిలో ఒకతి నా చెల్లెలు. ఒకచోట కాలు నిలవదని చిన్నప్పుడే దాన్ని పిచ్చుక అన్నాం, అదే పేరైపోయింది. మొగుడు పోయాక నా దగ్గరే ఉంటోంది. ఆరేళ్ళు కింది అంతస్తులో గుండీలు కుట్టింది. పట్టు బల్ల దగ్గర చోటు కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది. దొరికిన రోజు మెట్ల మీదే నన్ను వాటేసుకుని ఏడ్చేసింది.

"ఇంక నన్ను చచ్చినా ఇక్కణ్ణించి లేపలేరక్కా" అంది.

చలికాలం వచ్చింది. గదిలో హీటరు పెట్టారు. పిచ్చుక వేళ్ళు ముందు తెల్లగా పొట్టు లేచాయి, తర్వాత గరుకయ్యాయి, ఆ తర్వాత కణుపుల దగ్గర పగిలాయి. అలాంటి చెయ్యి తగిలితే పట్టు ఊరుకుంటుందా? పోగు లేచిపోతుంది. వారంలో రెండు బట్టలు పాడయ్యాయి. మేస్త్రీ దాన్ని పిలిచి, "ఇంకొక్కటి పాడైతే నీకీ బల్ల లేదమ్మా" అని మెల్లగా చెప్పాడు. ఆయన అరిస్తే మాకు భయం లేదు. మెల్లగా చెబితేనే భయం.

నా తెలివి తెల్లారినట్టే ఉంది, గరుకంటే మురికే అనుకున్నాను. ఇంటికెళ్ళగానే దాని చేతులు పొగలు కక్కే నీళ్ళలో ముంచి, సబ్బు దట్టంగా పట్టించి, కాళ్ళు రుద్దుకునే రాయితో రుద్దాను.

"మండుతోందక్కా!"

"మండితేనే పోతుంది. నోర్ముయ్."

పాపం, మూసుకుంది. మర్నాడు పగుళ్ళలోంచి రక్తం.

అప్పుడు పరిగెత్తాం చర్మం డాక్టరమ్మ దగ్గరికి. ఆవిడ దాని చేతులు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరు రుద్దారు?" అంది.

"నేనేనండీ."

"బాగా చేశారు" అంది. ఆ మాటకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు.

చర్మానికి తనదంటూ కాస్త నూనె ఉంటుందట. వేడినీళ్ళు, ఘాటు సబ్బు దాన్ని ఊడ్చేస్తాయట. ఇక చలిగాలీ హీటరూ కలిసి ఉన్న తడి కాస్తా లాగేస్తాయట. గోరువెచ్చని నీళ్ళు వాడాలి, మెత్తటి సబ్బు వాడాలి, రుద్ది తుడవకుండా బట్టతో అద్దుకోవాలి. తడి పూర్తిగా ఆరకముందే చిక్కటి ఆయింట్‌మెంటు రాయాలి. పడుకునేటప్పుడు నూలు గ్లౌజులు తొడుక్కోవాలి.

"కడిగిన ప్రతిసారీ రాయాలి" అంది డాక్టరమ్మ.

"అమ్మో! పట్టుకి జిడ్డంటితే ఇంకేమైనా ఉందా?"

"అయితే కనీసం మధ్యాహ్నం అన్నం వేళప్పుడు రాయండి. కాసేపు ఇంకనిచ్చి, పనికి కూర్చునేముందు కడుక్కోమనండి."

రోజుకి ఇరవైసార్లు దాని చేతులు కడిగించింది ఎవరు? నేనే కదా.

ఆ రోజు నుంచి సాయంత్రాలు దాని చేతులు నా ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలికీ నేనే రాసేదాన్ని. "ఏంటక్కా, నా పెళ్ళికి కూడా ఇంత ముద్దు చెయ్యలేదు నువ్వు" అని నవ్వేది. "ఎక్కువ మాట్లాడితే రాయి తెస్తాను" అనేదాన్ని. పది రోజులకి పగుళ్ళు మూసుకున్నాయి. ఒకరోజు వేలితో తన బుగ్గ మీద గీసుకుని, "చూడక్కా, గుచ్చుకోవట్లేదు" అని చిన్నపిల్లలా గెంతింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేస్త్రీ కూడా చూసి, "ఫరవాలేదు, కూర్చో" అన్నాడు.

అప్పుడే వచ్చింది ఆ మీగడ రంగు పట్టు. ఎవరో పెళ్ళికూతురిది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మెట్ల మీద కూర్చుని దాని చేతులకి రాస్తున్నాను. రాయడం అయిపోయి, అది కాసేపాగి కుళాయి దగ్గరికెళ్ళింది. ఈలోగా లోపల్నుంచి మేస్త్రీ కేక: "పెద్దక్కా, బట్ట కోసం వాళ్ళొచ్చేశారు, అంచు ఒక్కసారి చూసి పెట్టు!"

కంగారుగా లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని వెళ్ళి, బట్ట పట్టుకుని అంచంతా చూసి ఇచ్చాను. ముప్పై ఏళ్ళుగా "కడిగావా, కడిగావా" అని అందర్నీ కాల్చుకుతిన్న నేను, ఆ ఒక్కసారి కడుక్కోలేదు.

మేస్త్రీ బట్టని కిటికీ వెలుగులోకి ఎత్తాడు. మూడు వేళ్ళ మచ్చలు.

"జిడ్డు. ఎవరివీ వేళ్ళు?"

అందరూ పిచ్చుక వైపే చూశారు. ఆయింట్‌మెంటు ఎవరు రాసుకుంటున్నారో గదంతటికీ తెలుసు. అది ఆ బట్ట ముట్టుకోనే లేదు. నా వైపు ఒక్కసారి చూసింది. దానికి అర్థమైపోయింది.

నావేనని చెబితే నన్నేం చేసేవారు? ఓ నాలుగు చీవాట్లు పెట్టేవారు, అంతే. నేను లేకపోతే ఆ బల్ల నడవదు, మేస్త్రీకీ తెలుసు. కానీ ఆ ఐదుగురి ముందు, నా నోటికి రోజూ దడిచే వాళ్ళ ముందు, "కడుక్కోలేదు" అని ఎలా అనడం? ఛీ, నా బతుకు! ఒక్క క్షణం ఆగి చెబుదామనుకున్నాను.

"నావే మేస్త్రీ గారూ" అంది పిచ్చుక.

అరవలేదాయన. మెల్లగా ఏదో చెప్పాడు. అది తన కత్తెర, సూదుల డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయింది. నేను కూర్చునే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ దగ్గరికెళ్ళి మొత్తం చెప్పేశాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నిన్న చెప్పాల్సింది పెద్దక్కా" అన్నాడు. దాని చోటులో కింది అంతస్తు పిల్ల అప్పటికే కూర్చుని ఉంది, సంబరంగా సూదిలోకి దారం ఎక్కించుకుంటోంది. "ఆ పిల్లని లేపమంటావా?" అని అడిగాడు. లేపమనలేకపోయాను.

పిచ్చుక ఇప్పుడు ఒక క్యాంటీన్‌లో గిన్నెలు తోముతోంది. పొద్దుణ్ణించీ మరిగే నీళ్ళు, సబ్బు పొడి. చేతులు మళ్ళీ పగిలాయి, మునుపటికంటే ఘోరంగా. నిన్న సాయంత్రం ఆయింట్‌మెంటు తీసుకెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దులే అక్కా. రేపు మళ్ళీ ఆ నీళ్ళలోనేగా."

"నేను చెప్పేశానే మేస్త్రీతో. అవి నా వేళ్ళేనని చెప్పేశాను" అన్నాను. ఇన్నాళ్ళూ ఆ మాట దానితో అనలేకపోయాను.

"ఎప్పుడు?"

"మర్నాడే. పొద్దున్నే."

అది కాసేపు తన వేళ్ళకేసి చూసుకుంది. కోపం ఉన్నా బాగుండేది, లేదు.

"ఆ ముందురోజు సాయంత్రం దాకా నేను నీకోసం కింద గుమ్మం దగ్గరే నిలబడ్డానక్కా" అంది. "నువ్వు చెప్పేసి, నన్ను వెనక్కి పిలవడానికి దిగొస్తావని."